కాలని బొంత

పనసగరువులో చలి మాటలతో పోయేది కాదు. మార్గశిరం వచ్చేసరికి వలిసె చేలలో పూల మీద మంచు ఉప్పు చల్లినట్టు తెల్లగా దిగేది. ఇంటికొక కంబళి ఉంటే గొప్ప. అందుకని అరకు కొండల్లో ఆ ఊరివాళ్ళు పొయ్యిని ఇంటి మధ్యన పెట్టుకుని దాని చుట్టూ బతికేవారు. పెద్దలు, పిల్లలు, కుక్క, కోడిపెట్ట, అందరి పడకా నిప్పు పక్కనే.

యర్రమ్మ తొలిచూలు బిడ్డ అలా పడుకుని నిద్రలో దొర్లి నిప్పుల్లో పడ్డాడు. సాయంత్రందాకా ఊపిరితో ఉన్నాడు, అంతే. ఆ తరవాత చాలా కాలం యర్రమ్మ పొయ్యి రాజెయ్యలేదు. మొగుడు సోంబరే రాజేసి గంజి కాచి, ఆమె ముందు పెట్టేవాడు. ఆ ఊరి కొండదొర తెగ ఇళ్ళలో మగాడు గంజి కాయడమేమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. సోంబరు మాత్రం గరిటె వదల్లేదు.

మళ్ళీ కడుపు పండింది. శుక్రవారంనాడు ఆడపిల్ల పుట్టింది, సుక్రి అన్నారు. పొత్తిళ్ళలో పిల్లని చూసినప్పుడల్లా యర్రమ్మ చూపు పొయ్యి వైపు పోయేది. దూరంగా పడుకోబెడితే చలికి నీలుక్కుపోతుంది. దగ్గర పడుకోబెడితే ఆ భయం. ఏ తల్లికైనా మధ్యదారి ఎక్కడుంటుంది?

అది దొరికిందనుకుంది పాపం.

సరిగ్గా ఆ ఏడే సావుకారు వరహాలరావు ఊరి వెనక గుట్ట మీద గొయ్యి తవ్వించడం మొదలెట్టాడు. విజయనగరం వైపు మైదానం మనిషి. చింతపండూ అడ్డాకులూ కొనుక్కోవడానికి కొండెక్కిన వాడి కంట రాళ్ళ చీలికల్లో మెరిసే తెల్లని నార పడింది. ఊరివాళ్ళు దాన్ని కొండ జుట్టు అనేవారు. సావుకారు రాతినార అన్నాడు. నిప్పులో వేస్తే కాలదు. పట్నాల్లో ఆవిరియంత్రాల గొట్టాలకి చుడతారట, ఓడల్లో పెడతారట. కౌలు రాయించుకుని, గొయ్యి పక్కనే చావిడి కట్టించాడు. గొయ్యిలో మగాళ్ళు, చావిట్లో ఆడాళ్ళు, వాళ్ళలో యర్రమ్మ.

చావిడి పని చూడ్డానికి తేలిక. పీటల మీద వరసగా కూర్చుని కొయ్య సుత్తులతో రాయిని మెత్తగా కొట్టాలి. విడిన నారని వేళ్ళతో దువ్వాలి, జల్లెడ పట్టాలి, గోనెల్లో కూరాలి. తలుపు మాత్రం తియ్యకూడదు. గాలి వీస్తే నార ఎగిరిపోతుంది, అది సావుకారి సొత్తు. లోపల మాత్రం ఎంత ఎగిరినా ఫరవాలేదు. చూరు సందుల్లోంచి ఎండ పడితే ఆ ఎండ నిండా తెల్లటి నలుసులు తేలుతూ ఉండేవి. పొద్దుగూకే వేళ ఆడాళ్ళు బయటికొస్తే పిండిమరలోంచి వచ్చినట్టుండేవారు.

ఇంటికొచ్చిన తల్లిని చూసి, మాటలు వచ్చిన కొత్తలో సుక్రి చప్పట్లు కొట్టేది. "ఒలమ్మో! మాయమ్మ ముసిల్దయిపోనాది!"

"ముసిల్దానికి తల దువ్వుదూ రాయే," అని యర్రమ్మ కూలబడేది. పిల్ల ఒళ్ళోకెక్కి, జుట్టులోంచి తెల్లటి పోగులు ఏరి, ఉఫ్ అని ఊదేది. తల్లీ కూతుళ్ళకి అదొక ఆట.

చావిట్లో చేరిన కొత్తలోనే ఒకనాడు యర్రమ్మ కొంగుకి అంటుకొచ్చిన నారని చిటికెడు తీసి నిప్పుల మీద వేసింది. ఎర్రబడింది. పుల్లతో బయటికి లాగితే చల్లారి మళ్ళీ తెల్లగా, వేసింది వేసినట్టే ఉంది. యర్రమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇదేదో ముందే దొరికుంటే కొడుకు బతికేవాడు కదా అని.

అప్పటినుంచి రోజూ కాస్త కొంగులో దాచి తెచ్చింది. పాత చీరముక్కల్లో దట్టంగా కూరి బొంత కుట్టింది. పొయ్యికీ పిల్లకీ మధ్య అడ్డంగా దాని అంచు లేపి పెట్టి, మిగిలిన దాని మీద సుక్రిని పడుకోబెట్టింది. నిప్పురవ్వ ఎగిరి పడితే పైగుడ్డ చిల్లుపడేది, లోపలి నార చెక్కుచెదిరేది కాదు. యర్రమ్మ ఆ చిల్లులకి మాసికలు వేసేది. ఏటా వేసేది. బొంత దులిపినప్పుడల్లా ఇల్లంతా తెల్లగా పొగ లేచేది, పిల్ల తుమ్మేది. తల్లి మాత్రం కంటినిండా నిద్రపోయేది.

పిల్ల పెరిగింది. పీటల మీది ఆడాళ్ళు తరిగారు. ముందు యర్రమ్మ ఎడంపక్క కూర్చునే ముసలమ్మ దగ్గి దగ్గి పోయింది. తరవాత కుడిపక్క కూర్చునే ఆమె, పిల్లల తల్లి, బక్కచిక్కి పోయింది. కొండ జుట్టు పీకుతుంటే కొండ ఊరుకుంటుందా అన్నారు ఊరివాళ్ళు. కొండకి కోడిని కోశారు. ఆ కోడిని ఇచ్చింది కూడా సావుకారే. ధర్మాత్ముడు అనుకున్నారు.

పోయినవాళ్ళ ఇంట్లోంచే ఇంకొకరు వచ్చి ఆ పీట మీద కూర్చోవాలి. అది చావిడి కట్టుబాటు. మనుషుల్ని సర్దేది ఊరిపెద్ద పోలయ్య, యర్రమ్మకి వరసకి పెద్దమావ. చెడ్డవాడు కాదు గాని, సావుకారు ఇచ్చిన ఎర్ర తలపాగా చుట్టుకున్నప్పట్నుంచి మెడ ఒక్క పక్కకే తిరిగేది.

తరవాత యర్రమ్మ వంతు వచ్చింది. ఊటదగ్గర్నుంచి కుండ ఎత్తుకుని ఒక్క ఊపున గట్టెక్కే మనిషి, సగం దారిలో రాతి మీద కూలబడి కుండని పక్కన పెట్టుకుని ఊపిరి కోసం నోరు తెరిచేది. పొడిదగ్గు. దగ్గినా ఏమీ రాదు, దగ్గకపోతే ఉండలేదు. వేలికొసలు ఉబ్బి, గోళ్ళు గుండ్రంగా తిరిగాయి. సుత్తి ఎత్తలేని రోజు వచ్చింది.

ఆ మర్నాడే పోలయ్య వచ్చి గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు.

"సోంబరూ, సావుకారు కబురెట్టినాడు. పీట కాలీగున్నాది. మీ గుంటని, ఆ సుక్రిని పంపాలట."

"నా గుంట రాదు పెదమావా," లోపల్నుంచి యర్రమ్మ అంది.

"నానేటి నా కోసం అడుగుతున్నానా? ఊరికి కట్టుబాటుంది కాదేటి. నీ ఒక్క దాని కోసం తప్పీమంటావా?"

"ఎడంపక్క దాన్ని నానే మోసినాను. కుడిపక్క దాన్నీ నానే మోసినాను. ఇప్పుడు నన్ను మొయ్యడానికి మనుసుల్ని ఎతుక్కో. గుంటని మాత్రం ఒగ్గీ."

పోలయ్య తలపాగా సర్దుకున్నాడు. "రెండు సంతలు ఎల్లిపోనాక సూద్దుం," అని లేచాడు. అంటే రెండో సంతదాకా గడువు. అంతే.

సుంకరమెట్ట సంతలో ఉప్పూ ఎండుచేపా అమ్మే రత్నాలు మైదానం మనిషి. భర్త పోయాక ఉప్పుబస్తాని ఎద్దు మీద వేసుకుని కొండెక్కింది. సంతలో ఎవరి గేదె ఈనింది, ఎవరి అల్లుడు అలిగాడు, అన్నీ ఆమె తక్కెడలో తూగవలసిందే. యర్రమ్మ ఉప్పు కోసం చెయ్యి చాపితే, ఉప్పు పొయ్యడం మానేసి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏటే ఇది? వేళ్ళు డప్పుకొట్టే పుల్లల్లాగున్నాయేటి? ఎన్నాళ్ళబట్టి?"

యర్రమ్మ చెప్పింది. చెప్పడానికి మధ్యలో ఆగి ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. రత్నాలు జన్మలో మొదటిసారి అడ్డురాకుండా విన్నది.

"ఓలి పిచ్చిదానా, కొత్త చట్టం వొచ్చిందట తెలుసా? పనిలో కూలోడికి దెబ్బ తగిల్తే యజమానిదే పూచీ అట. కింద రైలు ఇనపరోడ్డు పనిలో ఒకడికి చెయ్యి నలిగితే సొమ్మిచ్చినారట."

"నాకు సొమ్మొద్దు రత్నాలప్పా."

"మరేటి గావాలే?"

"రాయి వల్లే నాకిలాగయ్యిందని సర్కారు దొర రాసిస్తే, ఆ కాయితం సూపెట్టి నా గుంటని తప్పించుకుంటాను."

రత్నాలు ఉప్పు మరో చారెడు ఎక్కువ పోసింది. "వొచ్చే సంతకి దొర డేరా ఏత్తాడు. డాకటరు కూడా వొత్తాడట. నేనూ వొత్తాను. ఒక్కటి ఇనుకో. అడిగినదానికే సెప్పు. అడగందానికి నోరిప్పకు. కచేరీల్లో గెలిసినోళ్ళందరూ నోరు మూసుకున్నోళ్ళే."

"నువ్వు నోరు మూసుకున్నావేటి ఎప్పుడైనా?"

"అందుకే కదే ఉప్పమ్ముకుంటన్నాను!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగి, యర్రమ్మ ఎండుచేపల బుట్ట పట్టుకుని చాలాసేపు వంగిపోయింది.

మరుసటి సంతనాడు చింతతోపులో డేరా వేశారు. అధికారి తెలుగాయనే, నడివయసు వాడు, తొందరలేని మనిషి. పక్కన డాక్టరు. ఒక వారగా సావుకారు వరహాలరావు, ఉత్తరీయం మడత నలగకుండా నిలబడ్డాడు. జనంలో సోంబరు, సుక్రి, ఎర్ర తలపాగాతో పోలయ్య. రత్నాలు అంగడిని పక్కవాళ్ళకి అప్పగించి ముందు వరసలోనే నిలుచుంది.

బంట్రోతు పులితోలు ముక్క తెచ్చి యర్రమ్మ చేతిలో పెట్టాడు. కొండవాళ్ళు అబద్ధం చెప్పకుండా ఉండాలంటే ఆ తోలు మీదే ప్రమాణం చేయిస్తారు. అది పట్టుకుని అబద్ధమాడిన వాణ్ణి అడవిలో పులి వెతుక్కుంటూ వస్తుంది. ఇది పనసగరువులో ఉగ్గుతో తాగించే మాట. ఇంకొక మాట కూడా ఉంది, మైదానం వాళ్ళకి తెలియనిది. తోలు చేతిలో ఉండగా తెలిసింది దాచినా అబద్ధం కిందే లెక్క.

డాక్టరు గొట్టం పెట్టి ఆమె వీపంతా విన్నాడు. ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడు అన్నాడు. క్షయలా లేదన్నాడు.

"ఎన్నేళ్ళుగా చావిట్లో పని చేస్తున్నావమ్మా?" అధికారి అడిగాడు.

"నా గుంట సంటిదై ఉన్నప్పుట్నుంచీ బాబూ."

"అంతకుముందు దగ్గుండేదా?"

"నేదు బాబూ. కుండెత్తుకుని పరిగెత్తేదాన్ని."

సావుకారు మొహం కాస్త వాడింది. రత్నాలు పళ్ళు కనపడేలా నవ్వి, ఇక చాలు, ఆగు అన్నట్టు పెదవుల మీద వేలు పెట్టింది. అధికారి కలం సిరాలో ముంచాడు.

యర్రమ్మ తోలు వైపు చూసింది. అరిగిపోయిన పసుపుచారలు. ఆమె గొంతు సవరించుకుంది.

"ఇంకోటున్నాది బాబూ. మీరడగనేదు."

రత్నాలు కళ్ళు మూసుకుంది.

"నార నాను ఇంటికి కూడా పట్టుకెళ్ళినాను. సెప్పకుండా కొంగులో. నా మొదటి గుంటడు నిప్పుల్లో పడి సచ్చిపోనాడు. అందుకని దీనికి బొంత కుట్టినాను. అది కాలదు బాబూ. దాని మీదే తొంగుంటాది. ఇప్పటికీ."

సావుకారు, ఎంతో బాధపడుతున్నవాడిలా, మెల్లగా అన్నాడు. "చిత్తగించారా? దొంగతనం నేను పట్టించుకోను, పోనీండి. కాని ఇంటినిండా అదే పెట్టుకున్న మనిషికి జబ్బు నా చావిట్లోనే వచ్చిందని ఎలా అంటారు?"

అధికారి కలాన్ని పక్కన పెట్టాడు. "ఇదిగో అమ్మా. నువ్వు నిజమే చెప్పావు. కాని ఈ చట్టం ఉన్నట్టుండి తగిలిన దెబ్బ గురించి చెబుతోంది. చెయ్యి తెగితే, కన్ను పోతే. జబ్బులు కూడా రెండు మూడు రాశారు, సీసం విషం లాంటివి. రాతినార దుమ్ము అందులో లేదు."

"పైన ఇంకెవులూ నేరా బాబూ?" రత్నాలు ఉండబట్టలేక అడిగింది.

"ఉన్నారు. విశాఖపట్నానికి అర్జీ పెట్టుకోవచ్చు. అయితే ఆ పని వల్లే ఈ జబ్బు వచ్చిందని డాక్టరు రాసివ్వాలి."

డాక్టరు గొట్టం చుట్టుకుంటూ తల దించుకున్నాడు. "రాయడానికి దీనికొక పేరుండాలి. నేను చదివిన పుస్తకాల్లో లేదు."

అంతలో ఆయనకి ఏదో తోచింది. "బొంత మీద పడుకునే పిల్లేదీ?" అన్నాడు. సోంబరు సుక్రిని ముందుకు తోశాడు. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. ఊపిరి తీసుకోమన్నాడు, వదలమన్నాడు, మళ్ళీ తీసుకోమన్నాడు.

"ఏమీ లేదు," అన్నాడు. "ఇప్పటికి."

యర్రమ్మకి దొర చెప్పిన చట్టం సగం అర్థం కాలేదు. ఈ చివరి మాట మాత్రం అర్థమయింది. చావిట్లో ఎగిరినదే తన ఇంట్లోనూ ఎగిరింది. చావిడి తలుపు సావుకారు మూశాడు. ఇంట్లో బొంత దులిపింది తనే. పిల్ల తుమ్మినప్పుడు చిరంజీవ అన్నది తనే. సోంబరు ఆమెని పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది.

"దొంగతనం మాఫీ చేస్తాను," సావుకారు పోలయ్యతో అంటున్నాడు, "పిల్లని పంపించమను."

బంట్రోతు పులితోలు కోసం చెయ్యి చాపాడు. యర్రమ్మ ఇవ్వలేదు. దాన్ని రెండు చేతులా తల మీద పెట్టుకుని, డేరా వైపు కాక పోలయ్య వైపు తిరిగింది.

"పెదమావా, ఇనుకో. నా గుంట ఆ సావిట్లో పీట మీద కూకుంటే నన్ను పులి తినాల. దాన్ని కూకోబెట్టినోడి ఇంటికీ పులి రావాల. నీ ఇంటికైనా సరే."

సావుకారు నవ్వాడు. "ఏమిటీ బెదిరింపు?" అన్నాడు.

పోలయ్య నవ్వలేదు. ఆయన మనవలు రోజూ అడవి అంచునే మేకలు కాస్తారు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఆ గుంటని నాను పిలవను సావుకారూ," అన్నాడు. "ఇంకొకర్ని సూసుకో."

ఇంకొకరు దొరికారు. ఎప్పుడూ దొరుకుతారు. ఆ పీట మీద వేరే తల్లి కూతురు కూర్చుంది. యర్రమ్మ ఆ సంగతి విని ఒక పూట గంజి ముట్టలేదు.

ప్రమాణం గెలిచింది కదా అని ఓదార్చడానికి రత్నాలు బయల్దేరింది. గట్టెక్కి ఊళ్ళోకొచ్చేసరికి యర్రమ్మ బొంతని వాకిట్లోకి ఈడ్చి, పట్టపగలు ఎండుపుల్లలు పేర్చి, దాని మీద వేసి నిప్పంటిస్తోంది.

"ఏటి సేత్తన్నావే? ఆయాసంతో సచ్చిపోతావు!"

"కాల్చీసి పోతాను," అంది యర్రమ్మ.

పైగుడ్డలు భగ్గున మండాయి. ఇన్నేళ్ళ మాసికలు ఒక్కొక్కటీ అంటుకుని ముడుచుకుపోయాయి. కుట్లు తెగిపోయాయి. పుల్లలు కాలి, బొగ్గులై, బూడిదయ్యాయి. ఆ బూడిద మీద నార మాత్రం ఎర్రగా కాలి, చల్లారి, తెల్లగా మిగిలింది. సుక్రి పన్నెండు చలికాలాలు పడుకున్న పడక. నడుమ చిన్న ఒంటి గుంట, పైన తల ఆనిన చోట గుండ్రటి పల్లం, అలాగే ఉన్నాయి. బిడ్డ ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది.

యర్రమ్మ దాని పక్కన కూర్చుండిపోయింది. మంచిదనుకుని ఎంచుకున్నదే అది. కాలదని ఎంచుకున్నది.

చివరికి సోంబరు కుండతో నీళ్ళు తెచ్చి దాని మీద పోశాడు, దుమ్ము లేవకుండా. తడిసి ముద్దయిన నారని పారతో ఎత్తి, ఊటకి దూరంగా గొయ్యి తీసి పాతేశాడు. మీద రాయి దొర్లించాడు. కొండది కొండకి చేరింది అన్నాడు. యర్రమ్మ వినిపించుకోలేదు.

ఆ ఏడు వలిసె పూలు లోయంతా పచ్చగా విరగబూసిన రోజుల్లో ఆమె పోయింది. ఆఖరి రోజుల్లో పడుకోలేక, కూతురి వీపుకి వీపు ఆనించి కూర్చునేది. పిల్ల ఊపిరి తీసుకున్నప్పుడల్లా తన వీపుకి తెలిసేది. దానికోసమే అలా కూర్చునేదని సోంబరు రత్నాలుతో చెప్పుకుని ఏడ్చాడు.

దహనం చేసిన మర్నాడు బూడిద ఎత్తడానికి వెళ్ళినప్పుడు సుక్రి మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో వెతికింది. ఒకప్పుడు అమ్మ జుట్టులోంచి ఏరినట్టే వెతికింది.

"ఏటి ఎతుకుతున్నావే?" సోంబరు అడిగాడు.

"తెల్లపోగు."

"కనబడ్డాదేటి?"

"నేదయ్యా."

ఉఫ్ అని ఊదబోయి, ఆగిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ చలికాలంనుంచి సుక్రి పొయ్యికి దూరంగా, గోడవార చాప మీద పడుకోవడం మొదలెట్టింది. నిప్పు పక్కన చోటు ఖాళీగానే ఉండేది. తెల్లారగట్ట చలి ముదిరినప్పుడు సోంబరు లేచి, తన కంబళి తీసి కూతురికి కప్పేవాడు. కప్పి, కాసేపు వంగి, ఊపిరి చప్పుడు వినేవాడు. ఆ తరవాత పొయ్యిలో పుల్లలు ఎగదోసి, గంజికి ఎసరు పెట్టేవాడు.